పాఠం ఫోన్లో ఉంది, డౌట్ ఎవర్నడగాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా ఒకటే గోల. ఆన్‌లైన్ కోర్సులు, ఆన్‌లైన్ డిగ్రీలు, చాట్‌జీపీటీ. సరే ఈసారికి అత్తాకోడళ్ళ పంచాయితీలు పక్కన పెట్టి కాలేజీ చదువుల ప్రశ్నలే తీసుకుందాం అనుకున్నా, మిగతావాళ్ళు అలగకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: మేడం గారూ నమస్తే. నేను నరసరావుపేట దగ్గర ఒక కాలేజీలో ఈసీఈ థర్డ్ ఇయర్. ఆనర్స్ కోసం ఎన్‌పీటెల్ (ఐఐటీ సార్ల ఆన్‌లైన్ పాఠాలు) కోర్సు తీసుకున్నా. వీడియోలన్నీ చూశా, అసైన్‌మెంట్లలో 25కి 23 వచ్చాయి, తీరా పరీక్షలో 75కి 26 వచ్చాయి. టోటల్ 49 కదా మేడం, పాస్ అవ్వాలి కదా, సర్టిఫికెట్ రాదంటున్నారు. ఇంతకీ ఈ వీడియో కోర్సుల వల్ల ఏమన్నా ఉపయోగం ఉందా, లేకపోతే కాలేజీ వాళ్ళు క్లాసు చెప్పడం తప్పించుకోడానికి పెట్టారా?

జవాబు: ముందు నీ లెక్క తేల్చేస్తా బాబూ. ఎన్‌పీటెల్‌లో టోటల్ ఒక్కటే చూడరు. అసైన్‌మెంట్లలో 25కి 10, సెంటర్‌కెళ్ళి రాసే పరీక్షలో 75కి 30, రెండూ విడివిడిగా దాటాలి. నీకు రెండోది నాలుగు మార్కుల్లో పోయింది. అన్యాయం ఏమీ జరగలేదు, రూలు మొదటి నుంచీ కోర్సు పేజీలోనే ఉంది, మనం చదవం అంతే.

కానీ నాకు అసలు విషయం ఆ రెండు నంబర్ల మధ్య కనిపిస్తోంది. అసైన్‌మెంట్లో 25కి 23 తెచ్చుకున్న పిల్లాడు పరీక్షలో మూడో వంతు దగ్గర ఆగిపోయాడంటే ఆ 23లో ఎన్ని నీవి, ఎన్ని టెలిగ్రామ్ గ్రూపువి? నువ్వు రాయలేదు, నేనూ అడగను. ప్రతి వారం అసైన్‌మెంట్ గడువుకి ముందు రోజు రాత్రి ఆన్సర్లు ఏ గ్రూపులో పడతాయో మీ క్లాసులో అందరికీ తెలుసు, మీ సార్లకీ తెలుసు. పన్నెండు వారాల కోర్సులో ఎనిమిది మంచి అసైన్‌మెంట్లే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి అక్కడ మార్కులు తెచ్చుకోవడం పెద్ద పనేం కాదు. పరీక్షకి వచ్చేసరికి ఎదురుగా కంప్యూటర్, పక్కన ఇన్విజిలేటర్, గ్రూపు లేదు.

ఇక వీడియోల సంగతి. 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటెల్ మొదలెట్టినప్పుడు అదొక గొప్ప సంగతి, ఎందుకంటే ఐఐటీలో సీటు రానివాడికి ఐఐటీ పాఠం వినే దారే లేదు. ఇప్పుడు ఆ కొరత తీరిపోయింది, అంతకన్నా ఎక్కువే అయింది, ఒకే టాపిక్‌కి యూట్యూబ్‌లో ఇంగ్లీషులో, తెలుగులో, హిందీలో వంద వీడియోలు ఉంటాయి. వచ్చిన చిక్కల్లా ఏంటంటే బాగా చెప్పే సార్ వీడియో చూస్తున్నంతసేపూ మనకి అర్థమైనట్టే ఉంటుంది, అదీ మంచం మీద పడుకుని 2ఎక్స్ స్పీడులో చూస్తే ఇంకా బాగా అర్థమైనట్టు ఉంటుంది. అన్న బండి వెనకాల కూర్చుని ఊరంతా తిరిగినోడికి బండి నడపడం వచ్చేసినట్టు.

దీని మీద అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో ఒక ప్రయోగం చేశారు, నేను తరచూ చెబుతుంటా. ఒక గుంపు పిల్లలు పాఠాన్ని నాలుగుసార్లు చదివారు. ఇంకో గుంపు ఒక్కసారి చదివి, మూడుసార్లు కాగితం మీద గుర్తున్నది రాశారు, మళ్ళీ పుస్తకం చూడకుండా. ఐదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగుసార్లు చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత అడిగితే చదివినవాళ్ళకి 40 శాతం గుర్తుంది, రాసుకున్నవాళ్ళకి 61 శాతం. నీ అసైన్‌మెంటేమో ఐదు నిమిషాల లెక్క, నీ పరీక్షేమో వారాల లెక్క.

కాబట్టి వచ్చే సెమిస్టర్లో అదే కోర్సు మళ్ళీ తీసుకో, సిగ్గుపడకు. వీడియో మామూలు స్పీడులో ఒక్కసారి చూడు, ఆపెయ్, తెల్ల కాగితం తీసుకుని ఏం విన్నావో రాయి, తెలుగులో రాసినా పర్లేదు, రాయలేకపోయిన చోటే నీకు అర్థం కాని చోటు. చాలా కోర్సులకి లెక్చర్ మొత్తం రాతలో ఉంటుంది, కొన్నిటికి తెలుగు అనువాదం కూడా పెట్టారు, ఇంగ్లీషు యాస పట్టుకోలేక తల పట్టుకునేవాళ్ళకి అది వరం. పాత సెమిస్టర్ల అసైన్‌మెంట్లు ఆన్సర్లతో సహా అక్కడే దొరుకుతాయి, వాటిని ముందు చెయ్యి, ఆన్సర్ తర్వాత చూడు. కొన్ని కోర్సులకి రీసెర్చ్ చేసే పిల్లలు వారం వారం లైవ్‌లో లెక్కలు చేయిస్తారు, మా పిల్లల్లో నూటికి తొంభై మందికి ఆ లింకు ఉన్నట్టే తెలీదు, నన్నడిగితే వీడియోల కన్నా అదే విలువైంది, అక్కడ ఆపి "సార్ ఈ లైను ఎలా వచ్చింది" అని అడగొచ్చు. చాట్‌జీపీటీ వాడతావా, వాడు, కానీ ఆన్సర్ చెప్పమనకు, ఈ టాపిక్ మీద నన్ను ప్రశ్నలడుగు, నేను తప్పు చెబితే ఎక్కడ తప్పో చెప్పు అను. అది కూడా అప్పుడప్పుడు తప్పు చెబుతుంది, అది తప్పు చెప్పిందని నువ్వు పట్టుకున్న రోజు నీకు సబ్జెక్టు వచ్చినట్టు లెక్క.

ఇక కాలేజీ వాళ్ళు తప్పించుకోడానికేనా అన్నావు. కొన్ని చోట్ల అదీ ఉంది, ఎందుకు దాచడం. కానీ మీ ఆనర్స్ అనేది మామూలు డిగ్రీ క్రెడిట్ల మీద అదనంగా నువ్వు కోరుకుని తీసుకున్న క్రెడిట్లు, అందులో కొంత నువ్వే కష్టపడాలని పెట్టారు. అయినా నీ కాలేజీలో ఎన్‌పీటెల్ లోకల్ చాప్టర్ చూసుకునే సార్ ఒకాయన ఉంటారు, ఆయన్ని పట్టుకుని వారానికి ఒక గంట ఆ కోర్సు తీసుకున్న పిల్లలందరినీ ఒక రూములో కూర్చోబెట్టమని అడుగు. సార్‌కి సబ్జెక్టు రాకపోయినా ఫర్వాలేదు, మీలో మీరే వాదించుకుంటే చాలు.

ప్రశ్న: మేడం, మాది కరీంనగర్. మా బిడ్డ దోస్త్‌ల (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌ల) సీటు వచ్చి ఇక్కడనే డిగ్రీ, మ్యాథ్స్ ఫిజిక్స్ కంప్యూటర్స్ చదువుతున్నది. ఇప్పుడు ఐఐటీ మద్రాసుది ఆన్‌లైన్ డిగ్రీ కూడ చేస్తనంటున్నది. జేఈఈ రాయకుంట ఐఐటీ డిగ్రీ ఎట్ల ఇస్తరు, మోసం ఏమన్న ఉన్నదా? రెండు డిగ్రీలు ఒక్కసారి చదువనిస్తరా? ఇంకోటి, రోజు ఎవరో ఒకరు ఫోన్ చేసి ఆన్‌లైన్ డిగ్రీ చేపిస్తం, పరీక్షలు మేం చూసుకుంటం అంటున్నరు.

జవాబు: అన్నా, మూడు వేరు వేరు సంగతులు. ఐఐటీ మద్రాసుది మోసం కాదు, నిజమే. 2020 జూన్‌లో డేటా సైన్స్‌లో మొదలుపెట్టారు, తర్వాత ఎలక్ట్రానిక్ సిస్టమ్స్ కూడా వచ్చింది. జేఈఈ అక్కర్లేదన్న మాట నిజం, డేటా సైన్స్‌కైతే ఇంటర్ పాసై, టెన్త్‌లో మ్యాథ్స్, ఇంగ్లీషు చదివి ఉంటే చాలు, వయసు కూడా అడగరు. అట్లని గేటు బార్లా తెరిచి పెట్టారనుకోకండి. నాలుగు వారాలు నాలుగు సబ్జెక్టులు చదివించి, వారం వారం అసైన్‌మెంట్లు పెట్టి, ఆ మార్కులుంటేనే క్వాలిఫయర్ రాయనిస్తారు, అది పాసైతేనే లోపలికి. జేఈఈలో ముందు వడపోసి తర్వాత చదివిస్తారు, ఇక్కడ చదివించి వడపోస్తారు, అంతే తేడా. లోపలికెళ్ళాక కూడా క్విజ్‌లు, ఫైనల్ పరీక్షలు ఇంట్లో కూర్చుని రాసేవి కావు, సెంటర్‌కి పోవాలి. ఏడాదికి మూడు టర్మ్‌లు, ఫౌండేషన్‌లో ఎనిమిది కోర్సులు, దాని తర్వాత డిప్లొమా, తర్వాత బీఎస్సీ, చివరికి 142 క్రెడిట్లు అయితే బీఎస్ డిగ్రీ. మధ్యలో ఎక్కడాగితే అక్కడి సర్టిఫికెట్ ఇస్తారు, ఇది నాకు బాగా నచ్చిన విషయం, ఎందుకంటే మన దగ్గర ఆడపిల్ల చదువు మధ్యలో ఆగితే చేతిలో ఏమీ మిగలదు కదా. ఇంటి ఆదాయాన్ని, కేటగిరీని బట్టి ఫీజులో రాయితీ 75 శాతం దాకా ఉంది, పూర్తిగా కనుక్కుని కట్టండి.

రెండు డిగ్రీలు ఒకేసారి చదవొచ్చని యూజీసీ 2022 ఏప్రిల్‌లో ఒప్పుకుంది, ఒకటి కాలేజీకెళ్ళి, ఇంకొకటి ఆన్‌లైన్లో అయితే టైముల గొడవ కూడా లేదు. అయినా మీ బిడ్డ చదివే యూనివర్సిటీలో దీన్ని అమలు చేస్తున్నారా అని ప్రిన్సిపాల్ గారిని ఒకసారి కాగితం మీద అడిగించుకోండి, తర్వాత సర్టిఫికెట్ దగ్గర తిరకాసు పెట్టకుండా.

నా అనుమానం ఒక్కటే, టైము. ఆ కోర్సు మీద వారానికి ఒక్కో సబ్జెక్టుకి పది గంటలు పెట్టాల్సి వస్తుందని వాళ్ళే చెబుతారు. మొదటి టర్మ్‌లో నాలుగు సబ్జెక్టులు ఉత్సాహంగా తీసుకుని రెండో క్విజ్ దగ్గర ఏడ్చిన పిల్లలు నాకు తెలుసు. మీ పాపని రెండే తీసుకోమనండి. ఒక గది, ఒక తలుపు, ఆ తలుపు మూసి ఉంటే పిలవకుండా ఉండే ఇంటివాళ్ళు, ఫీజు కన్నా ముందు అవి ఏర్పాటు చెయ్యండి. ఇంట్లో ఉంది కదా అని చుట్టాలొస్తే చాయ్ పెట్టమంటే అది చదువు కాదు, ఆన్‌లైన్లో చదివే ఆడపిల్లలకి ఇంటర్నెట్ కన్నా పెద్ద సమస్య ఇదే, అబద్ధమైతే చెప్పండి.

ఇక ఫోన్లు చేసేవాళ్ళు. "పరీక్షలు మేం చూసుకుంటాం" అన్న మాట వినపడగానే పెట్టెయ్యండి. ఆన్‌లైన్ డిగ్రీ ఇవ్వాలంటే యూనివర్సిటీకి యూజీసీ వాళ్ళ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో అనుమతి, అదీ ఆ కోర్సుకి, ఆ సంవత్సరానికి ఉండాలి, ఆ లిస్టు వాళ్ళ సైట్లోనే ఉంటుంది. చేరే పిల్లలు కూడా 2024 నుంచి ఆ బ్యూరో సైట్లో డెబ్ ఐడీ తీసుకోవాలి. యూనివర్సిటీ పేరు పెట్టుకుని మధ్యలో కంపెనీలు ఫ్రాంచైజీగా డిగ్రీలు నడపడం కుదరదని యూజీసీ ఎప్పుడో చెప్పింది. నర్సింగ్, ఫార్మసీ, లా, బీటెక్ ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో చేసెయ్యొచ్చు అని ఎవరన్నా అంటే ఇంక మాట్లాడక్కర్లేదు, వాటికి ఆ అనుమతే లేదు. ఏ డిగ్రీ తీసుకున్నా, పాసైన కోర్సుల క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో మీ బిడ్డ ఐడీ కింద క్రెడిట్లు పడుతున్నాయా లేదా డిజీలాకర్‌లో చూసుకోమనండి, మామూలుగా ఏడేళ్ళ దాకా అవి అక్కడ చెల్లుతాయి.

ప్రశ్న: నేను రిటైర్డ్ ఆర్టీసీ ఉద్యోగిని, హైదరాబాద్. 1980ల్లో డ్యూటీ చేసుకుంటూ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ చేశాను. ఇప్పుడు ఆన్‌లైన్ అని ఇంత హడావిడి చేస్తున్నారు, మేం చేసింది ఇదే కదా?

జవాబు: నూటికి నూరు పాళ్ళు ఇదే సార్. 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దేశంలో అదే మొదటిది, కేంద్రం ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో ఇంకా పుట్టలేదు. దాన్ని నడిపిన మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారే 1985లో ఢిల్లీ వెళ్ళి ఇగ్నోకి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. మన దాన్నే 1991లో అంబేద్కర్ పేరు మీదకి మార్చారు. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరనిచ్చేవారు, ఇది ఆ రోజుల్లో చిన్న సంగతేం కాదు, బస్ కండక్టర్లు, కానిస్టేబుళ్ళు, పెళ్ళయి ఇంట్లో ఉన్న అమ్మాయిలు ఎంతమంది దాంతో గ్రాడ్యుయేట్లు అయ్యారో.

మీకు గుర్తుండే ఉంటుంది, పుస్తకాలు చక్కటి తెలుగులో వచ్చేవి, రేడియోలో పాఠాలు వచ్చేవి. కానీ మీలాంటివాళ్ళు నాతో చెప్పేది ఎప్పుడూ రేడియో గురించి కాదు, స్టడీ సెంటర్‌లో సెలవు రోజు క్లాసుల గురించే. పుస్తకంలో అర్థం కానివి రాసుకుని వెళ్ళి అడగడానికి అక్కడో లెక్చరర్ కూర్చుని ఉండేవాడు. ఇప్పుడు కోట్లు పెట్టి యాప్‌లు చేసేవాళ్ళు పుస్తకం భాగాన్ని వీడియో చేశారు గానీ ఆ సెలవు రోజు భాగాన్ని చాలామంది వదిలేశారు.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. పార్వతీపురం వైపు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్‌ని. ఫస్ట్ ఇయర్ పిల్లల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు రిపోర్టులు చూస్తుంటే ఏడుపొస్తోంది. ఊళ్ళోకి వెళ్ళి సర్వే చేసి రాయాల్సింది చాట్‌జీపీటీతో రాయించేస్తున్నారు, ముప్పై రిపోర్టులూ ఒకేలా ఉన్నాయి. ఏఐతో రాసిందో కాదో చెప్పే సాఫ్ట్‌వేర్‌లో పెడితే కొందరికి 90 శాతం అని చూపించింది. వాళ్ళకి సున్నా వెయ్యాలని ఒకరిద్దరు తోటి లెక్చరర్లు అంటున్నారు. అందులో ఒకమ్మాయి మాత్రం నేనే రాశాను మేడం అని ఏడుస్తోంది. ఏం చెయ్యను?

జవాబు: ఆ అమ్మాయికి సున్నా వెయ్యకండి. ముందు ఆ మాట.

ఆ సాఫ్ట్‌వేర్ చూపించే 90 శాతం అనేది సాక్ష్యం కాదమ్మా. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే ఇలాంటి డిటెక్టర్ ఒకటి పెట్టి, సరిగ్గా పట్టుకోలేకపోతోందని 2023 జులైలో తీసేసింది. తయారు చేసినవాళ్ళకే చేతకాలేదు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఇంకో సంగతి బయటపెట్టారు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం సొంతంగా రాసిన వ్యాసాలు 91 తీసుకుని ఏడు డిటెక్టర్లలో పెడితే సగటున సగానికి పైగా మిషన్ రాసినవే అని చూపించాయి. కారణం చూడండి, ఈ డిటెక్టర్లు చాలావరకు ఊహించగలిగే మాటలు, చిన్న చిన్న ఒకే తీరు వాక్యాలు ఎక్కువుంటే ఇది మిషన్ అంటాయి. టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివి, డిగ్రీకొచ్చి ఇంగ్లీషులో రాయాల్సొచ్చిన పిల్ల ఎలా రాస్తుంది మరి? తనకొచ్చిన రెండొందల మాటలతో, తప్పు పోకూడదని భయపడుతూ రాస్తుంది. అంటే ఈ సాఫ్ట్‌వేర్‌కి ముందు దొరికేది నిజాయితీగా రాసిన పేద పిల్లే, తెలివైనవాడు చాట్‌జీపీటీకే చెప్పి "కాస్త మనిషి రాసినట్టు మార్చు" అని దాటిపోతాడు.

ఇంకో విషయం కలిపేసుకోకండి, పోలిక పట్టే సాఫ్ట్‌వేర్ వేరు. పీహెచ్‌డీ థీసిస్‌లకి వాడేది, 2018 యూజీసీ రూల్స్ ప్రకారం పోలిక 10 శాతం దాటితే చర్యలు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, అది. అక్కడ ఏ పేజీలోంచి ఏ వాక్యం తీశారో పక్క పక్కన పెట్టి చూపిస్తుంది, వాదించడానికి ఆధారం ఉంటుంది. ఏఐ డిటెక్టర్ ఏ ఆధారమూ చూపించదు, నంబరొకటి పారేస్తుంది అంతే.

అయినా మనలో మాట, ముప్పై రిపోర్టులు ఒకేలా ఉండటం కొత్తా? కెమిస్ట్రీ రికార్డులు సీనియర్ల దగ్గర నుంచి తెచ్చి రాత్రికి రాత్రి దించెయ్యలేదా, కాలేజీ ఎదురు జిరాక్స్ షాపులో పోయిన సంవత్సరం ప్రాజెక్టు పేరు మార్చి స్పైరల్ బైండింగ్ చేసి ఇవ్వలేదా, మనమే సంతకాలు పెట్టాం కదా. అప్పుడు కాపీకి కనీసం చెయ్యి నొప్పి పుట్టేది, ఇప్పుడు అదీ లేదు. చాట్‌జీపీటీ వచ్చి మన పద్ధతిని పాడు చెయ్యలేదు, రిపోర్టు బరువు చూసి మార్కులేసే పద్ధతి పాడైపోయి చాలా కాలమైందని అందరి ముందూ పెట్టింది.

మీ ప్రాజెక్టు సంగతే తీసుకుందాం. 180 గంటలు ఊళ్ళో తిరగాలని దాని ఉద్దేశం. అందులో చాట్‌జీపీటీ చెయ్యలేని పని ఏదో దానికే మార్కులు పెట్టండి. రిపోర్టుకి తగ్గించెయ్యండి, రోజువారీ లాగ్ పుస్తకం చేత్తో రాయించండి, ఇంటింటికీ వెళ్ళి నింపిన సర్వే కాగితాలు, మట్టి అంటినా నలిగినా అవే తెమ్మనండి. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి ఐదు నిమిషాలు తెలుగులోనే మాట్లాడండి. ఎవరింటికెళ్ళావు, ఆ ఇంట్లో ఉపాధి హామీ కార్డు ఎవరి పేరున ఉంది, డబ్బులు ఎన్ని రోజులకి పడ్డాయట, జీడిపిక్కలు ఎవరికి అమ్ముతారు, షావుకారు ఎంతకి కొన్నాడు, నువ్వనుకోనిది ఏం చెప్పారు. ఊళ్ళోకి వెళ్ళిన పిల్ల ఆ ఆఖరి ప్రశ్నకి ఆపకుండా మాట్లాడుతుంది. వెళ్ళనివాడు "ప్రజల్లో అవగాహన లేదు మేడం" అంటాడు, ఆ ఒక్క ముక్కతో మీకు తెలిసిపోతుంది, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఏడుస్తున్న ఆ అమ్మాయిని ఇలాగే కూర్చోబెట్టి అడగండి, మిగతా ఇరవై తొమ్మిది మందినీ కూడా అదే అడగండి, ఒక్కదాన్నే పిలిస్తే ముద్దాయిని చేసినట్టవుతుంది.

ముప్పై మందికి ఐదేసి నిమిషాలంటే రెండున్నర గంటలు, రిపోర్టులు దిద్దే టైము కన్నా తక్కువే. నూట యాభై మంది ఉన్న సెక్షన్లకి ఇది కష్టమే, ఒప్పుకుంటా, అక్కడ గ్రూపులు చేసి గ్రూపులో ఎవర్ని లేపుతానో ముందు చెప్పకుండా ఒకర్ని లేపి అడగండి.

ఇక ఏఐని వాడొద్దని చెప్పడం వృథా, ఫోన్లో ఉంది, వాడతారు. క్లాసులోనే వాడించండి. మీ మండలంలో జీడితోటల మీద ఒక పేజీ రాయమని దాన్ని అడిగి ఆ పేజీ ప్రింటు తీసి పిల్లలకిచ్చి, ఇందులో తప్పులేంటో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఎర్ర పెన్నుతో దిద్దుకురండి అనండి. లేని పుస్తకాలు ఉన్నట్టు పేర్లు రాస్తుంది, ఎక్కడో కేరళ సంగతి తెచ్చి ఇక్కడ పెడుతుంది. గిరిజన గూడెం నుంచి వచ్చిన పిల్ల కంప్యూటర్ రాసిన ఇంగ్లీషు పేజీ మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టిందంటే ఆ రోజు మీ క్లాసులో నేర్చుకున్నంత మూడేళ్ళలో నేర్చుకోరు.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ ఉంది గానీ కెమికల్స్ ఉండవు. వర్చువల్ ల్యాబ్ సైట్లో ప్రయోగాలు చేయిస్తున్నారు. ఇది చాలా మేడం? — బీఎస్సీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: చాలదు, కానీ పనికిమాలింది కూడా కాదు. కేంద్రం డబ్బుతో ఐఐటీలు, మన హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీ లాంటివి కలిసి ఆ వర్చువల్ ల్యాబ్స్ తయారు చేశాయి, ఫ్రీ. ప్రయోగానికి ముందు రోజు అందులో ఒకసారి చేసుకుని వెళ్తే ల్యాబులో బిక్కమొహం వేసుకుని నిలబడక్కర్లేదు. చాలా ఖరీదైన మిషన్లు, ప్రమాదం ఉన్న ప్రయోగాలు అయితే అదే దిక్కు.

కానీ టైట్రేషన్ తీసుకో. ఆక్జాలిక్ యాసిడ్‌లో ఊదారంగు పర్మాంగనేట్ చుక్క చుక్కగా వదిలేటప్పుడు ముందు యాసిడ్‌ని వేడి చెయ్యాలి, లేకపోతే మొదటి చుక్కల రంగు పోవడానికి బోలెడంత సేపు పడుతుంది, పాడైపోయిందేమో అని కంగారు పడతావు, కాసేపాగితే ఆ రియాక్షన్‌లో పుట్టిన మాంగనీసే దాన్ని తొందర చేస్తుంది, తర్వాత చుక్కలు టకటకా తెల్లబడిపోతాయి. చివరికి ఒక్క చుక్క ఎక్కువైతే ముదురు రంగొచ్చి మళ్ళీ మొదటికి. చుక్కలు వదిలే గాజు గొట్టం, అదే బ్యూరెట్లో ఆ ముదురు ద్రావణానికి అడుగు గీత కనపడదు, పై గీత చదవాలి. స్క్రీన్ మీద మౌస్ నొక్కితే ఇవేవీ జరగవు, ప్రతిసారీ సరిగ్గా వస్తుంది. ప్రయోగం సరిగ్గా రాకపోవడమే ల్యాబులో సగం పాఠం. కెమికల్స్ కొనడానికి మీ దగ్గర ల్యాబ్ ఫీజు తీసుకుంటున్నారా? తీసుకుంటే మీ క్లాసంతా కలిసి ప్రిన్సిపాల్‌కి లెటర్ పెట్టండి, పర్మాంగనేట్, ఆక్జాలిక్ యాసిడ్ ఏమంత ఖరీదైనవి కావు.

ప్రశ్న: నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, నాలుగేళ్ళ అనుభవం. అమెరికా ఎంఎస్‌కి అరవై లక్షలు అప్పు చెయ్యడం కన్నా ఆన్‌లైన్లో అమెరికా యూనివర్సిటీ ఎంఎస్ చేసేస్తే మేలు కదా? దాంతో అక్కడికి వెళ్ళొచ్చా?

జవాబు: మొదటి ప్రశ్నకి అవుననే నా ఓటు, రెండో ప్రశ్నకి కాదు. నువ్వు కొనాలనుకునేది చదువా, వీసానా, ముందు అది తేల్చుకో, ఎందుకంటే మన వాళ్ళలో చాలామంది ఎంఎస్ పేరు మీద కొనేది రెండోదే. తప్పనట్లేదు, తెలిసి కొనుక్కోమంటున్నా.

చదువే అయితే జార్జియా టెక్ 2014 జనవరిలో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ చూడు. పది కోర్సులు, 30 క్రెడిట్లు, మొత్తం ఖర్చు ఏడు వేల డాలర్ల చుట్టుపక్కల, క్యాంపస్‌లో చదివినవాళ్ళకిచ్చే డిగ్రీయే ఇస్తారు. చేరడం మరీ కష్టం కాదు, బయటపడటమే కష్టం, ఉద్యోగం చేస్తూ టర్మ్‌కి ఒకటి చొప్పున మూడు నాలుగేళ్ళు పడుతుంది. మీ మేనేజర్‌కి రిలీజ్ ఉన్న వారమే అక్కడ ప్రాజెక్టు గడువు పడుతుంది, ఇది రాసిపెట్టి ఉంటుంది.

కానీ దాంతో ఎఫ్‌1 (స్టూడెంట్) వీసా రాదు, కాబట్టి చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే ఓపీటీ లేదు, అక్కడ ఉద్యోగానికి దారి లేదు. ఎఫ్‌1 మీద వెళ్ళి క్యాంపస్‌లో చదివేవాళ్ళకి కూడా పూర్తి లోడు లెక్కలోకి టర్మ్‌కి ఒక్క ఆన్‌లైన్ కోర్సు మాత్రమే తీసుకుంటారు. 2020 జులైలో కరోనా టైములో అన్ని క్లాసులూ ఆన్‌లైన్ అయితే విదేశీ విద్యార్థులు దేశం వదిలి పోవాలని అక్కడి ప్రభుత్వం ప్రకటిస్తే, హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెళ్ళాయి, వారం తిరిగేసరికి వెనక్కి తీసుకున్నారు. ఆ వారం రోజులు మన పిల్లలు, ఇక్కడ తల్లిదండ్రులు ఎలా నిద్రపోయారో అడక్కు. క్లాసు కంప్యూటర్లోకి మారినంత తేలిగ్గా వీసా రూలు మారదు బాబూ.

ప్రశ్న: అనంతపురంలో ప్రభుత్వ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. కావాల్సిన జర్నల్ పేపర్ తెరిస్తే ముప్పై నలభై డాలర్లు కట్టమంటోంది. ఫ్రెండ్స్ దొంగ సైట్లు చెబుతున్నారు. మీరేమంటారు?

జవాబు: దొంగ సైట్ల దాకా ఎందుకు, నీకు దొర తలుపే తెరిచి ఉండొచ్చు. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, అంటే జర్నళ్ళకి దేశమంతటికీ ఒకే చందా అని కేంద్రం 2024 నవంబర్‌లో ఒప్పుకుంది, మూడేళ్ళకి 6000 కోట్లు, ముప్పై పబ్లిషర్ల దగ్గర నుంచి దాదాపు 13,000 జర్నళ్ళు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ యూనివర్సిటీలు, కాలేజీలు అన్నిటికీ, కేంద్రానివీ రాష్ట్రానివీ. ప్రైవేటు కాలేజీల్లో రీసెర్చ్ చేసేవాళ్ళు బయటే ఉండిపోయారు, అది అన్యాయమే, వాళ్ళకీ ఇవ్వాలి. నీకైతే వర్తిస్తుంది. క్యాంపస్ నెట్‌లో కూర్చుని అదే పేపర్ తెరిచి చూడు, డబ్బులడక్కుండా తెరుచుకుంటే సరే. హాస్టల్లోనో ఇంటి దగ్గరో చదవాలంటే లైబ్రరీ వాళ్ళు ఇచ్చే లాగిన్ కావాలి. పాత థీసిస్‌లు శోధ్‌గంగ సైట్లో ఫ్రీగా ఉంటాయి, నీ టాపిక్ మీద ఇంతకుముందు ఎవరెవరు ఏం రాశారో ముందు అక్కడ చూసుకో, గైడ్ అడగకముందే. లైబ్రరీలో కంప్యూటర్ సెక్షన్ చూసే ఆయన్ని అడిగి లాగిన్ పెట్టించుకో, పనిలో పనిగా మీ డిపార్ట్‌మెంట్ స్కాలర్లందరికీ పెట్టించు, చాలామందికి ఈ స్కీము ఉన్నట్టే తెలీదు.